నాచు గదిలో పదకొండు రోజులు

ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 4

అత్తయ్యా,

నీ ఫోను నీళ్ళ తొట్టిలో పడి నాలుగు నెలలైంది. కొత్తది కొనుక్కోమంటే "ఉత్తరం రాయమను, చేతులు పడిపోయాయా దానికి" అన్నావట, నాన్న చెప్పాడు. సరే, రాస్తున్నాను. నా చేతిరాత చూసి మందుల చీటీ అనుకోకు.

పనిబడే రాస్తున్నానని ముందే ఒప్పుకుంటాను. నేను కంప్యూటర్ ఆటలకు కథలు రాస్తానని నీకు తెలుసు కదా. ఇప్పుడు చేస్తున్న ఆటలో మనుషులు వేరే గ్రహం మీద స్థావరం కట్టుకుంటారు. అక్కడ గాలి ఉండదు, నీళ్ళుండవు, పక్క గ్రహం వాళ్ళు ఊరికే ఉండనివ్వరు. ఆడేవాళ్ళు ఒక సేనానినీ, ఒక ఇంజనీరునూ, ఒక శాస్త్రవేత్తనూ ఎంచుకుని, ఎత్తులు వేసి ఆ స్థావరాన్ని నిలబెట్టుకోవాలి. ఈ ముగ్గురికీ వెనక కథ కావాలి. ఎక్కణ్ణించి వచ్చారు, ఏం పోగొట్టుకున్నారు, ఎందుకిలా తయారయ్యారు. సేనాని కథ అరగంటలో రాసిపడేశాను. శాస్త్రవేత్త దగ్గర మూడు వారాలుగా చతికిలబడ్డాను.

మా పెద్దాయన (నాకంటే ఆరేళ్ళు చిన్న) "ఆవిడ కుటుంబమంతా పేలుడులో పోయింది, పగ తీర్చుకోవాలి" అని రాయమంటాడు. సేనానికీ అదే రాయించాడు, ఇంజనీరుకీ అదే. ఇలా పోతే ఆ గ్రహం మీద చుట్టాలున్నవాడు ఒక్కడూ మిగలడు.

మన ఇంట్లో సైన్సు వెలగబెట్టింది నువ్వొక్కదానివే. అసలు మనుషులు శాస్త్రవేత్తలు ఎందుకవుతారు? నువ్వెందుకయ్యావు? నిన్ను ఆటలో పెట్టను, ఒట్టు. ఊరికే తెలుసుకుందామని.

నీ గిలక్కాయ

*

వంటింటి బల్ల
ఫిబ్రవరి 15

ఓసి గిలక్కాయా,

మందుల చీటీ అయితే షాపువాడైనా చదివేవాడు. నేను భూతద్దం తీయాల్సి వచ్చింది.

నేను శాస్త్రవేత్తనెందుకయ్యానంటే, కాలేజీలో చేరిన రోజున సంగీతం క్లాసుకు వరస చాలా పొడుగ్గా ఉంది. పక్క వరసలో ఎవరూ లేరు. అది వృక్షశాస్త్రం. కాళ్ళు నొప్పిపుట్టి అందులో నిలబడ్డాను. రెండో నెలలో మురిక్కాలవ నీటిచుక్క ఒకటి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమన్నారు. చూస్తే ఆ చుక్క నిండా పచ్చటి గుండ్రటివి, బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ పూట భోజనం సంగతే మర్చిపోయాను. నేను భోజనం మర్చిపోవడమంటే ఎంత మాటో మీ నాన్ననడుగు. పేలుడూ లేదు, పగా లేదు. మీ పెద్దాయనకు చెప్పు.

వేరే గ్రహం అన్నావు కాబట్టి ఒక సంగతి రాస్తాను. చిన్నప్పట్నుంచీ మీరంతా నన్ను నాచు అత్తయ్య అంటారు కానీ, ఆ నాచుతో నేనేం చేశానో ఒక్కరూ అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట మా పరిశోధనశాలలో గాలి చొరబడని గది ఒకటి కట్టాం. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. గోడ నిండా గాజు గొట్టాలు, వాటి నిండా నాచు. మనం వదిలిన గాలిని నాచు తీసుకుని మంచి గాలి ఇస్తుంది. ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు కూడా దానికే. ఎప్పటికైనా మనుషులు భూమి వదిలి వెళ్తే పనికొస్తుందని ఆశ. ముప్ఫై రోజులు ఇద్దరు మనుషులు తలుపు తీయకుండా అందులో బతకాలి. ఆ ఇద్దరం నేనూ, గడియారమూ.

గడియారమంటే గోడకు వేలాడేది కాదు, నా తోటి ఉద్యోగి. ఎనిమిదీ పదికి తినడం మొదలుపెడితే ఎనిమిదిన్నరకు చెయ్యి కడుక్కునే మనిషి. అందుకని ఆ పేరు.

పదకొండో రోజు నాచు చచ్చిపోయింది, తలుపు తీయించుకుని బయటికొచ్చేశాం. దీపాల టైమరు తప్పు పెట్టారని తేలింది. టైమరు అతని పని. అతన్ని కుళాయి నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసుకు పంపేశారు. నేను అక్కడే ఉండి విభాగానికి పెద్దనయ్యాను. అంతే.

ఇది ఎక్కడా పెట్టకు.

అత్తయ్య

*

ఆఫీసు, అదే బల్ల
మార్చి 1

అత్తయ్యా!

"అంతే" అట! ఇంత కథ కడుపులో పెట్టుకుని, ఇన్నేళ్ళూ మా ఇంటికొచ్చి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టీవీ చూశావా? మూసిన గదిలో పదకొండు రోజులు మగమనిషితో ఉన్నావని మా నానమ్మకు తెలుసా? పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఏం చేసేవాళ్ళు? పోట్లాడుకునేవాళ్ళా?

ఇంకొకటి. గడియారం అని పేరు పెట్టించుకున్న మనిషి టైమరు తప్పు పెట్టాడంటే నాకు మింగుడు పడటం లేదు. ఎలా జరిగింది?

గిలక్కాయ

*

వంటింటి బల్ల
మార్చి 13

గిలక్కాయా,

మా అమ్మకు "ఆఫీసు పని మీద కాంపు" అని చెప్పాను. అబద్ధం కాదు. ఎంత దూరం అని ఆవిడ అడగలేదు, గోడ అవతలే అని నేను చెప్పలేదు.

పొద్దున్నే గొట్టాలు చూడటం, లెక్క రాయడం. గొట్టాలకు నేను మన చుట్టాల పేర్లు పెట్టాను. అన్నిటికంటే నెమ్మదిగా పెరిగేది మీ నాన్న. నురగలు కక్కుతూ పక్కవాటి మీదికి పొంగేది మీ పెద్దత్త. వాటికి పాటలు కూడా పాడేదాన్ని. గడియారం అప్పుడు చెవుల్లో దూది పెట్టుకునేవాడు, సరిగ్గా పాట మొదలుకాక ముందు నిమిషానికి. సాయంత్రాలు చొక్కా గుండీలతో చదరంగం ఆడేవాళ్ళం. అతని కోటు గుండీ నా రాజు. నేను ఓడిపోతున్నప్పుడు గొట్టాలు చూసి రావాలని లేచేదాన్ని. తిరిగొచ్చేసరికి బల్ల మీద గుండీలు ఎక్కడివక్కడే ఉండేవి. నేనైతే రెండు జరిపేదాన్ని.

మనుషులన్నాక తప్పులు చేస్తారు. టైమరు గురించి ఇంక అడగకు.

అత్తయ్య

*

ఆఫీసు, మెట్ల మీద కూర్చుని
జూన్ 20

అత్తయ్యా,

ముందు కూర్చో. కూర్చున్నావా?

ఒట్టు తప్పాను. ఏప్రిల్లో గడువు నెత్తి మీదికి వచ్చింది. మా పెద్దాయన "రేపటికి శాస్త్రవేత్త లేకపోతే ఆ గ్రహం మీద నిన్నే కూర్చోబెడతా" అన్నాడు. నీ పేరు లేకుండా రాసేశాను. మూసిన గది, పదకొండు రోజులు, చుట్టాల పేర్లున్న గొట్టాలు, గుండీల చదరంగం, అన్నీ పెట్టేశాను. ఆట కూడా వచ్చేసింది. ఆకుపచ్చ డాక్టరు అంటే జనం పడి చచ్చిపోతున్నారు. ఆవిణ్ణి ఎంచుకుంటే స్థావరంలో ప్రాణవాయువు పదిహేను శాతం ఎక్కువ పుడుతుంది.

నేను రాసిన దాంట్లో సహాయకుడు పొరపాటున టైమరు తప్పు పెడతాడు. మా పెద్దాయనకు అది చప్పగా అనిపించి, అది బయటపడేలోపు అతను గది వదిలి పారిపోయినట్టు మార్చేశాడు. నాకు ఆట బయటికొచ్చాకే తెలిసింది.

నిన్న ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు కింద ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, నేను పదవీ విరమణ చేసిన ఉద్యోగిని. గాలి చొరబడని గది బొమ్మ చూసి మీ ఆట కొన్నాను. మీ ఆకుపచ్చ డాక్టరు కథలో కొన్ని తప్పులున్నాయి. సహాయకుడు పారిపోలేదు. ఆవిడ బయటికి వచ్చాక నాలుగు నిమిషాలకు, గొట్టాలన్నీ చూసి, తలుపు మూసి వచ్చాడు. ఆవిడ పాట శ్రావ్యంగా ఉండేదని రాశారు. ఉండేది కాదు. టైమరు గురించి రాసింది మార్చనక్కర్లేదు, నివేదికలో కూడా అలాగే ఉంది. ఈ వివరాలు మీకు ఆవిడే చెప్పి ఉండాలి. ఆవిడ కులాసాగా ఉన్నారా? జవాబు రాయగలరు. తా.క. మూడో దశలో మీ శత్రుగ్రహం మరీ తేలిగ్గా ఓడిపోతోంది."

కింద సంతకం, ఇంటి చిరునామా ఉన్నాయి. ఏం రాయను?

నీ కాళ్ళు పట్టుకుంటాను.
గిలక్కాయ

*

జూన్ 27

ఒట్టు అన్నావు.

ఆయనకు ఏమీ రాయకు. నాకు కూడా.

*

వంటింటి బల్ల
జూలై 16

గిలక్కాయా,

నువ్వు నిజంగానే రాయలేదు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నోరు మూసుకుని ఉన్న మూడు వారాలు ఇవే. నాకే ఉండబట్టలేదు.

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ కోపగించుకునే అర్హత నాకు లేదు. అది రాద్దామనే కూర్చున్నాను. ఇది నాలుగో కాగితం, మూడు చింపేశాను.

టైమరు తప్పు కాదు.

ఆ గదిలోకి సబ్బు తీసుకెళ్ళకూడదు. ఉత్త నీళ్ళతోనే కడుక్కోవాలి, ఆ నీళ్ళు నాచుకు పోతాయి గనక. ఆ నియమం రాసింది నేనే. అయినా గులాబీ వాసన సబ్బు ముక్క ఒకటి మేజోడులో దాచి పట్టుకెళ్ళాను. వాడాలని కాదు, ఉందన్న ధైర్యానికి. ఎనిమిదో రోజు నేను పక్కనుంచి వెళ్తుంటే గడియారం ముక్కు ఎగబీల్చాడు. ఒక్కసారే. నాచు గదిలో ఎనిమిది రోజులు సబ్బు లేకుండా ఉన్న మనిషి ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. నాకప్పుడు ముప్ఫై ఒకటి. తల కొట్టేసినట్టయింది. సిగ్గొక్కటే అని రాస్తే మళ్ళీ అబద్ధం రాసినట్టే. అతని ముందు బాగుండాలనుకున్నాను. దీని గురించి ఇంకొక్క ప్రశ్న వేశావంటే ఈ జన్మలో ఉత్తరం రాయను.

తొమ్మిదో రోజు తలారా సబ్బుతో కడుక్కున్నాను. పదో రోజు మీ పెద్దత్త తెల్లబడింది. పదకొండో రోజు మీ నాన్నతో సహా వంశం మొత్తం పోయింది. ఆ గొట్టాల ముందు కూర్చుని ఏడ్చాను. ఎందుకు చచ్చిపోయాయో అప్పటికి నాకు నిజంగా తట్టలేదు.

బయటికొచ్చిన మర్నాడే విచారణ. "టైమరు నేనే తప్పు పెట్టి ఉంటాను" అని గడియారం సంతకం చేసేశాడు. నాకు అనుమానం వచ్చింది అప్పుడు. వారం లోపలే ఒక గాజు గ్లాసులో నాచు పోసి, ఆ సబ్బు ముక్క గోకి వేసి చూశాను. నాలుగు గంటల్లో తెల్లబడిపోయింది. గ్లాసు కడిగేసి ఇంటికెళ్ళిపోయాను. వెళ్ళి చెప్పాలి. రేపు చెబుదాం, సోమవారం చెబుదాం అనుకున్నాను. ఈలోపు అతన్ని పంపించేశారు. నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు చెప్పు, మీ పెద్దాయన పారిపోయినవాడని రాసింది తప్పేం కాదు. మనిషి మారింది, అంతే.

అత్తయ్య

*

ఇల్లు, బాల్కనీ
జూలై 25

అత్తయ్యా,

నీ మీద కోపం తెచ్చుకుందామని గట్టిగా ప్రయత్నించాను. వంశం మొత్తం పోయిందన్న దగ్గర నవ్వొచ్చి చెడింది. తర్వాత గ్లాసు కడిగేశానన్న దగ్గర నవ్వు పోయింది.

నేను నీతులు చెప్పను. ఒట్టేసి తప్పినదాన్ని. కానీ ఒక పని చేశాను. మా పెద్దాయన గదిలోకెళ్ళి, ఎవరిదని చెప్పకుండా, డాక్టరు కథ ఇలా మారుద్దాం అని చెప్పాను.

"సబ్బా?" అన్నాడు. "ఇంత ఆటకీ విలన్ సబ్బా?"

"సబ్బు కాదు సార్, చెప్పకపోవడం."

నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. పోయినేడాది మా అందరి వారం రోజుల పని కంప్యూటర్‌లోంచి ఎగిరిపోయింది, కరెంటు పోయి అలా అయిందన్నారు. నిజానికి చెరిపేసే మీట నొక్కింది తన వేలేనట. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. "రాసెయ్" అన్నాడు. సాయంత్రం లోపల అందరినీ పిలిచి వాళ్ళకూ చెప్పాడు. రెండు రోజులు ఎవరూ ఆయనతో సరిగా మాట్లాడలేదు. మనిషి మాత్రం హాయిగా ఉన్నాడు.

కొత్త కథ రాసి పెట్టాను, కానీ బయటపెట్టను. నీ నోటితో వినాల్సిన మాట ఆయన మా ఆటలో చదవకూడదు. చిరునామా ఈ కాగితం వెనక ఉంది. నీ ఇంటి నుంచి రెండు బస్సులు.

గిలక్కాయ

*

వంటింటి బల్ల
ఆగస్టు 19

గిలక్కాయా,

వెళ్ళాను.

రెండో బస్సు దిగాక మూడుసార్లు వెనక్కి తిరిగాను. రెండో అంతస్తు, నీలం రంగు తలుపు. గంట కొట్టగానే తీశాడు. జుట్టంతా పోయింది, చొక్కా గుండీలు మాత్రం మెడ దాకా అలాగే పెట్టుకున్నాడు.

"లోపలికి రండి. చెప్పులు అక్కడ," అన్నాడు, ముప్ఫై ఒక్క ఏళ్ళు కాదు ముప్ఫై ఒక్క గంటలైనట్టు.

గదిలో కంప్యూటరు మీద మీ ఆట నడుస్తోంది. నీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. తాగితే ధైర్యం పోతుందని పట్టుకునే చెప్పేశాను. సబ్బు తీసుకెళ్ళాను, తల కడుక్కున్నాను, నాచును నేనే చంపాను అని.

"తెలుసు," అన్నాడు.

"ఎలా?"

"పన్నెండడుగుల గదండీ. కిటికీ లేదు. రెండు రోజులు గులాబీ వాసన. నాకు ముక్కుంది."

అదే గదిలో నేనూ ఉన్నాను. ఆ వాసన పట్టి అతను సబ్బు సంగతి కనిపెట్టేస్తాడని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తట్టలేదే!

"ఆ రోజు మీరు ముక్కు ఎగబీల్చారు. అందుకే," అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "మీ వెనకున్న ఏడో గొట్టం పులిసిన వాసనేస్తోందేమోనని చూశాను."

చూడు నా బతుకు.

"మరి టైమరు?"

"సరిగ్గానే ఉంది. రెండుసార్లు చూశాను. మీకు సబ్బు సంగతి తట్టలేదనుకున్నాను. ఆ గొట్టాల ముందు కూర్చుని మీరు ఏడ్చిన ఏడుపు చూశాక, మీ వల్లే పోయాయని మీకు తెలియకూడదనిపించింది. అందుకే నా మీద వేసుకున్నాను." గ్లాసు నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. "ఇంతకీ ఎప్పుడు తెలిసింది మీకు?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు, గిలక్కాయా. మొన్ననే అని చెబితే అయిపోయేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

"వారానికి," అన్నాను.

"ఏ వారానికి?"

"ఆ వారానికే. గ్లాసులో వేసి చూశాను."

కంప్యూటర్లో ఎవరో స్థావరం మీద దాడి చేస్తున్నారు, గంటలు మోగుతున్నాయి. అతను అటు తిరగలేదు.

"మీకు తెలియదని," అన్నాడు, "ముప్ఫై ఏళ్ళు కుళాయి నీళ్ళు పరీక్ష చేశానండీ."

తర్వాత లేచి, నా చెప్పులు తిప్పి వేసుకోవడానికి వీలుగా పెట్టి, "దయచేసి వెళ్ళండి," అన్నాడు.

వచ్చేశాను. మీ ఆటలో ఏం పెట్టుకుంటావో పెట్టుకో. నాకు రాసే ఓపిక లేదు.

అత్తయ్య

*

ఆఫీసు
ఆగస్టు 28

అత్తయ్యా,

మొన్ననే అని చెప్పలేదు నువ్వు. ఈ ఒక్క మాట పట్టుకుని రెండు రోజులుగా తిరుగుతున్నాను.

ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాను. వద్దని రాసినా ఆ ఉత్తరం చేరేలోపు నేను చేరతాను. వంట నువ్వు చెయ్యకు, నేనూ చెయ్యను. బయట తిందాం.

గిలక్కాయ

*

వంటింటి బల్ల
అక్టోబరు 9

గిలక్కాయా,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు సర్దుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత గడియారం దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. రెండే వాక్యాలు. "గురువారం ఉదయం 10.15. పెన్ను తెచ్చుకోండి."

పదింపావుకు నీలం తలుపు ముందు నిలబడ్డాను. బల్ల మీద పాత నివేదిక నకలు, తెల్ల కాగితాలు పెట్టి ఉంచాడు. సవరణ నివేదిక రాయాలట, ఇద్దరం కలిసి. ఎవరు చదువుతారని అడిగాను.

"ఎవరూ చదవరు. బీరువాలో తప్పు కాగితం ఒక్కటే ఉండకూడదు," అన్నాడు.

కూర్చున్నాం. నేను "పొరపాటున శుభ్రపరిచే పదార్థం కలిసినందున" అని మొదలుపెట్టాను. కొట్టేశాడు. "పొరపాటు కాదు, సబ్బు. వాసన కూడా రాయండి," అన్నాడు. గులాబీ అని రాయించాడు. "మేజోడులో" అన్న మాట దగ్గర గంటసేపు వాదించుకున్నాం. శాస్త్రానికి మేజోడు అవసరం లేదని నేను, ఎలా లోపలికి వచ్చిందో లేకపోతే నివేదికే కాదని అతను. మేజోడు ఉంది. ఏ కాలిది అన్నది మాత్రం ఒప్పుకోలేదు నేను. అతను టైమరు గురించి అబద్ధం చెప్పిన సంగతి కూడా పెట్టాలని నేను పట్టుబట్టాను. మొహం గంటు పెట్టుకుని తనే రాశాడు, నాలుగు లైన్లు, ఒక్క కొట్టివేత లేకుండా.

మధ్యలో ఒకసారి పెన్ను కింద పెట్టి, "నాకు నాచంటే ఇష్టమండీ. అది పోయింది," అన్నాడు. నా పెన్ను కూడా కింద పెట్టాను. కాసేపటికి మళ్ళీ పెన్ను తీసుకున్నాడు.

మీ ఆటలో కొత్త కథ చదివాడట. డాక్టరు తప్పు ఒప్పుకున్నాక స్థావరంలో ప్రాణవాయువు తగ్గించారేమని అడగమన్నాడు. నిజం చెప్పినంత మాత్రాన నాచు పెరగడం ఎందుకు తగ్గుతుందని అతని ప్రశ్న. అది సబబుగానే ఉంది, మీ పెద్దాయనకు చెప్పు.

మొదటి పేజీ అయ్యేసరికి ఒంటిగంట. క్షమించాడా అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. చెప్పులు వేసుకుంటుంటే మాత్రం, రెండో పేజీకి వచ్చే గురువారం రమ్మన్నాడు.

వెళ్తున్నాను.

అత్తయ్య